లాభం, రెండు, మూడు

పోయిన వారం మా చెల్లెలి మనవరాలు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. మెడిసిన్‌లో సీటు వచ్చిందట. కాళ్ళకు దండం పెట్టి లేస్తూనే, "సీటు కోసం పోయినప్పుడు మీకు భయమైందా తాతా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తన సంగతి తనే చెప్పుకుపోయింది. "నాకైతే ఏం ఫికర్ లేకుండె. ఇంట్ల అందరు డాక్టర్లే గదా. డాడీ అన్నం తినేటప్పుడు గూడ ఆపరేషన్ల ముచ్చట్లే చెప్తడు. సగం సిలబస్ నాకు గట్లనే వచ్చింది." ముసలివాణ్ణి కనక నవ్వి, మిఠాయి కొరికి, ఆశీర్వదించి పంపించాను. లోపల మాత్రం కొంచెం ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, పాపం, అది నిజమే చెప్పింది. అంత తేలికగా చెప్పగలగడం మీద అసూయ పుట్టింది. మా ఇంట్లో అన్నం ముందు మాట్లాడుకున్నది పురుగు పట్టిన కందుల గురించి, తడిసిన జొన్నల గురించి. ఆ ఇంట్లోంచి డాక్టరు చదువుకు దారి ఎటువైపు ఉందో చూపించేవాడు మా వంశంలోనే లేడు.

వరంగల్లు బజారులో మాది గింజల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ మధ్య గోనెపట్టా కుట్టిన తెర. ఆ తెర దాటి గింజల దుమ్ము ఇంట్లోకి వచ్చేది. అమ్మ ఎంత ఊడ్చినా పొయ్యిగట్టు మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, మా తలల్లో సన్నటి పొట్టు ఉండనే ఉండేది. జొన్నలకు ఒక వాసన, కొత్త బియ్యానికి ఒక వాసన, ఎండుమిరప బస్తా విప్పిన రోజు ఇంటిల్లిపాదికీ దగ్గు. బాపు తెల్లవారుజామునే చన్నీళ్ళు పోసుకుని, నామం పెట్టుకుని, తక్కెడకూ గింజలు కొలిచే మానికకూ ఊదుబత్తి చూపించి గద్దె మీద కూర్చునేవాడు. కూర్చున్నాక ఎవరికోసమూ లేచేవాడు కాదు. బంధువులు వచ్చినా, పటేలు వచ్చినా కూర్చునే దండం పెట్టేవాడు. అది పొగరు కాదు, దుకాణపు మర్యాద. గద్దె వదిలితే లక్ష్మి లేచిపోతుందని మా బాపమ్మ, అంటే బాపు తల్లి, చిన్నప్పటినుంచీ ఆయనకు నూరిపోసింది.

మా దుకాణంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికకు ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. మా ఒక్క ఇంటి సంగతే కాదు, బజారులో చాలామంది అంతే, ఊళ్ళలో కళ్ళాల దగ్గర రైతులూ అంతే. కొలత మంచి మాటతో మొదలుకావాలని పెద్దల నమ్మకం. నాకు అంకెలు బడిలో రాలేదు, ఆ గోనెసంచుల మధ్య వచ్చాయి. చాలాకాలం నేను మొదటి అంకె పేరే లాభం అనుకున్నాను. లెక్కకు ఇంకో నియమం కూడా ఉండేది. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఎవరు పలకరించినా, పక్కన పోట్లాట జరిగినా, కొలిచేవాడి నోరు లెక్క తప్ప మరోటి పలకకూడదు. నేను తప్పితే బాపు తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. కొలిచినదంతా మళ్ళీ కుప్పలో పోసి మానిక నా చేతికిచ్చేవాడు. కొనేవాళ్ళు నిలబడి చూస్తుండగా మళ్ళీ మొదటినుంచి కొలవడంకంటే రెండు దెబ్బలు నయమనిపించేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గింజల మీద కంట్రోలు పెట్టారు. ఊళ్ళలో రైతుల గింజను సర్కారు తీసుకుపోయే లెవీ వసూళ్ళు, బజారులో చాంతాడంత వరసలు. బియ్యం దొరకని ప్రతివాడికీ గింజల వ్యాపారి మీదే అనుమానం. ఎవరు దాచారో ఎవరు దాచలేదో నాకిప్పటికీ తెలియదు. మా బాపు వెనకగది తలుపులు మాత్రం పగలంతా తీసే ఉండేవి, ఎవరైనా తొంగిచూసుకోవచ్చని. అయినా దుకాణం ముందునుంచి పోతూ కాండ్రించి ఉమ్మినవాళ్ళు ఉన్నారు. కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళకంటే బ్లాకు షావుకారి కొడుకు అనేవాళ్ళే ఎక్కువ. నేను తల వంచుకుని పోయేవాణ్ణి. ఇప్పటి నా నోరు అప్పుడు లేదు.

డాక్టరు కావాలన్న కోరిక ఎట్లా పుట్టిందంటే, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక ఎండాకాలం అమ్మకు విషజ్వరం వచ్చింది. కషాయాలు అయిపోయాయి, తాయెత్తులు అయిపోయాయి, మనిషి మంచానికి అంటుకుపోయింది. చివరికి సర్కారు దవాఖాన డాక్టరును టాంగాలో తీసుకొచ్చారు. ఆయన దుకాణం మెట్టు ఎక్కగానే మా బాపు గద్దె మీదినుంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ కట్టుకుని, పక్కకు జరిగి, దారి ఇచ్చాడు. అమ్మ బతికింది, అది వేరే సంగతి. నాకు మాత్రం అమ్మ నాడి పట్టుకున్న ఆ చెయ్యీ, లేచి నిలబడ్డ బాపూ, ఈ రెండే కళ్ళలో నిలిచిపోయాయి. రోగులకు సేవ చెయ్యాలన్న పెద్ద మాటలు తరవాత నేర్చుకున్నాను. అప్పటికి నాకు కావలసింది మా బాపు లేచి నిలబడే మనిషిని కావడమే.

ఇంటర్మీడియెట్ పూర్తయ్యాక ఒక పొద్దున ధైర్యం చేశాను. బాపు కందులు జల్లెడ పడుతున్నాడు.

"బాపూ, నేను డాక్టరీ చదువుత."

జల్లెడ ఆగలేదు. "మనింట్ల ఎవలన్న చదివిన్రా?"

"లేదు."

"మనోళ్ళల్ల?"

"లేదు."

"మరి తొవ్వ ఎవలు చూపిస్తరురా నీకు?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొన్నాళ్ళు ఇంట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా ఉలిక్కిపడేట్టుగా ఉండేది. నేను ఒక్కణ్ణే కొడుకును. నా తరవాత చెల్లెలు. నేను వెళ్ళిపోతే బాపు తరవాత గద్దె ఖాళీ. అందరికీ తెలిసిన ఆ సంగతిని ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. చివరికి ఒకరోజు చేతులు కడుక్కుంటూ బాపే అన్నాడు. "ఒక్కసారి పో. సీటొస్తే చదువు, నేను అడ్డం రాను. రాకపోతే వచ్చి గద్దె మీద కూసో. మల్ల ఆ ముచ్చట ఈ ఇంట్ల వినపడొద్దు." ఆయన మాట ఇచ్చాడంటే అటూ ఇటూ జరగదు. అది నాకు బలం, అదే నాకు భయం.

బాపమ్మకు అసలు సంగతి అప్పుడు తెలిసింది. "పీనుగులను కోస్తరట గదరా ఆడ. ఆ చేతుల్తోనే నా వంటింట్లకొస్తవా? నీకు పిల్లనెవలిస్తరు?" అని తలుపుకు అడ్డంగా కూర్చుంది. అమ్మ రోటిలో పచ్చడి నూరుతూ, "ముందుగాల సీటు రానియ్యి అత్తమ్మా. పీనుగులు ఏడికి పోతయి?" అంది. నేను పక్కున నవ్వాను. బాపమ్మ నవ్వలేదు. ఆమె మడిబట్ట కొంగు నాకు తగలకుండా చుట్టుకోవడం ఆ రోజునుంచే మొదలైంది, ఇంకా నేను పీనుగును కళ్ళతో చూడకముందే.

సీటుకు మార్కులొక్కటే చాలవని, పెద్దవాళ్ళ సిఫారసు కావాలని ఎవరో చెప్పారు. మాకు తెలిసిన పెద్దవాడు ఒక వకీలు. ఏళ్ళుగా ఆ ఇంటికి బియ్యం పోయేది మా దుకాణంనుంచే. బాపు తలకు రుమాలు చుట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక వచ్చి, ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. "అరుగు మీద కూసోబెట్టిండు. షావుకారూ, ఈ కరువుల గింజల దుకాణం కన్న పెద్ద కొలువున్నదా, పిల్లగాణ్ణి ఎందుకు ఆగం చేస్తవు అన్నడు. మాట పంపియ్యడు. నువ్వే మాట్లాడుకోవాలె." అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన్ను లోపలికి పిలవలేదన్నది నాకు అర్థమైంది. ఆ వకీలు మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, మనిషి పోయి ఎన్నేళ్ళయినా సరే.

మెడికల్ కాలేజీలో ముఖాముఖి పరీక్షకు హైదరాబాదుకు రైల్లో వెళ్ళాను. మా వీధి దర్జీ కుట్టిన నల్ల షేర్వాణీ మెడ దగ్గర బిగుసుకుపోయి ఊపిరి ఆడలేదు. పిలుపు కోసం వరండాలో కూర్చున్నవాళ్ళలో ఎవరి తండ్రి డాక్టరో, ఎవరి మామ సర్కారులో పెద్ద అధికారో వాళ్ళ మాటల్లోనే తెలిసిపోతూ ఉంది. ఒకడు లోపల కూర్చున్న పెద్ద డాక్టరును చాచా అంటున్నాడు, చిన్నాన్న అని. వాళ్ళకు రక్తపోటు, గుండె, ఊపిరితిత్తులు ఇంట్లో చుట్టాల పేర్లలాంటివి. నేను పుస్తకంలో చదివినవి మనసులో వల్లె వేసుకుంటూ ఉంటే, ఒక్కొక్కటీ జారిపోతున్నట్టనిపించింది.

లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడిమి పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి ఉర్దూలో, "వాలిద్ క్యా కర్తే?" అన్నాడు. తండ్రి ఏం చేస్తాడని. "తిజారత్" అన్నాను, వ్యాపారం అని. దేనిదని అడిగాడు. "అనాజ్" అన్నాను, సగం గొంతులోనే. గింజలు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ రోజుల్లో బాగా కమాయిస్తుండాలి అని కుడివైపాయన నవ్వాడు. ఎడమవైపు ఉన్నది తెలుగు డాక్టరు. "మీ ఇంట్ల ఎవరన్న డాక్టరున్నరా? కాంపౌండరన్న?" అని అడిగాడు. లేరన్నాను. పుస్తకంలోవి నాలుగైదు అడిగారు. కొన్ని చెప్పాను, కొన్నిటి దగ్గర తడబడ్డాను. అప్పుడు పెద్దాయన గోడ పక్కన స్టూలు మీద కంబళి కప్పుకుని కూర్చున్న ఒక రోగిని చూపించి, అతని నాడి చూసి లెక్కపెట్టమన్నాడు. "జోర్ సే" అని గడియారం చేతిలోకి తీసుకున్నాడు. అంటే పైకి, అందరికీ వినపడేట్టు.

నేను అంతకుముందు ఎవరి నాడీ పట్టుకోలేదు. అమ్మ చెయ్యి ఆ డాక్టరు ఎట్లా పట్టుకున్నాడో గుర్తు తెచ్చుకుని మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టాను. ముందు ఏమీ తెలియలేదు. నా గుండె చప్పుడే చెవుల్లో మోగుతోంది. కాసేపటికి వేళ్ళ కింద సన్నగా కొట్టుకోవడం దొరికింది. పెద్దాయన చెయ్యి ఊపాడు. నేను మొదలుపెట్టాను.

"లాభం. రెండు. మూడు."

అన్నానని నాకే తెలియలేదు. తెలుగు డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. పెద్దాయన ఏమన్నాడీ పిల్లవాడు అని అడిగితే, "మునాఫా" అని చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు తెలిసింది నేనేం చేశానో. పెద్దాయన ముఖంలో నవ్వు లేదు. "బీమార్ కే హాథ్ పర్ మునాఫా?" రోగి చేతి మీద లాభమా అని. బల్ల మీద అరచేత్తో కొట్టాడు. క్షమించమని అడగాలి, ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలి అనిపించింది. కానీ నోరు ఆగలేదు. మా ఇంట్లో లెక్క మధ్యలో ఆగదు. వాళ్ళు ఉర్దూలో ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు, నా కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పెద్దాయన "బస్", ఇక చాలు, అన్నాకే ఆపాను. ఎంత వచ్చిందో చెప్పాను. "నడుమ నడుమ ఒక దెబ్బ తప్పుతాంది సార్" అని కూడా అన్నాను, అదీ తెలుగులోనే.

తెలుగు డాక్టరు లేచి వచ్చి ఆ చెయ్యి తాను పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకుని, వెళ్ళి కూర్చున్నాడు. లాభం అని ఎందుకన్నావని అడిగాడు. "మా ఇంట్ల మొదటి మానికకు ఒకటి అనరు సార్. బిచ్చం పెట్టేటప్పుడు గూడ అట్లనే అంటరు" అన్నాను. ఆయన అది పెద్దాయనకు ఉర్దూలో చెప్పాడు, ఎట్లా చెప్పాడో నాకు సరిగా వినపడలేదు. పెద్దాయన కాగితాల్లోకి తల వంచి "జావ్" అన్నాడు, వెళ్ళమని. నేను తలుపు దగ్గరికి వెళ్తుంటే ఆ రోగి నా షేర్వాణీ అంచు పట్టుకుని, "నాకేమన్న అయిందా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. తలుపు దగ్గరి జవాను నన్ను బయటికి పంపించాడు.

ఇంటికి వచ్చాక బాపు అడిగాడు. ఏమడిగిన్రు, ఏం చెప్పినవు. దాచిపెట్టే శక్తి లేక అంతా చెప్పాను. లాభం దగ్గరికి వచ్చేసరికి ఆయన నా ముఖంలోకి చూడటం మానేసి తక్కెడ గొలుసులు సవరించడం మొదలుపెట్టాడు. అంతా విని, "అన్నం తిను" అన్నాడు. అంతే. ఇక సీటు పోయిందని నాకు ఖాయమైపోయింది. గద్దె మీద పరుపు వంక చూడకుండా లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున మొదటి బేరం ఖిలానుంచి, అంటే కోటవైపునుంచి, వచ్చే ఒకామెది, ఎప్పుడూ మా దగ్గరే జొన్నలు కొనేది. కొంగు పరిచి పట్టుకుంది. బాపు మానిక నింపాడు, అరచేత్తో చదును చేశాడు, నోరు తెరిచి ఆగాడు. తరవాత అన్నాడు.

"ఒకటి."

ఆమె కొంగు వెనక్కి లాక్కుంది. "ఏంది షావుకారీ? పొద్దుపొద్దుగాల గట్లంటానవ్?"

"ఒకటినొకటే అంటాన తల్లీ. పట్టు."

ఆమె నన్ను చూసింది, ఆయన్ను చూసింది, భయంభయంగా కొంగు ముందుకు చాపింది. బాపు రెండో మానిక పోశాడు. మూడోది పోశాడా లేదా అన్న దగ్గర ఆగిపోయాడు. నా జన్మలో ఆయన లెక్క తప్పడం చూడలేదు. పోసినదంతా కుప్పలో తిరగబోసి మళ్ళీ "ఒకటి" అని మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పాడు. నుదుటిమీది నామం చెమటకు కారుతోంది. తెర వెనకనుంచి అమ్మ వచ్చి నిలబడింది. బాపమ్మ లోపలినుంచే, "మీ అయ్యా, వాళ్ళ అయ్యా అనుకుంట వచ్చిన మాటరా అది" అని ఏడ్చినట్టు అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. నేను ఒకసారి సిగ్గుపడ్డ మాటను ఆయన రోజంతా, అందరి ముందూ, తప్పుకుని నడుస్తున్నాడు.

జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో మాకు బేరాలు తగ్గాయి. ఆ మాట లేని కొలత కలిసిరాదని కొందరు ఎదురు దుకాణానికి వెళ్ళారు. రైతులు బండ్లలో గింజలు తెచ్చినప్పుడు మాత్రం బాపు లాభం అనే కొలిచేవాడు, అది వాళ్ళ గింజ కనక, వాళ్ళ నమ్మకం చెడగొట్టడం ఇష్టంలేక. తన గింజ అమ్మేటప్పుడే ఒకటి. ఉత్తరాలు తెచ్చే టపా జవాను మా వీధి మలుపు తిరిగే వేళకు ఇంట్లో అందరమూ ఏదో పని కల్పించుకుని దుకాణంలోకి వచ్చేవాళ్ళం. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. ఒకనాడు ఆగాడు. ఆయన చేతికిచ్చిన ఉర్దూ కాగితం చదివాను. మళ్ళీ చదివాను.

"వచ్చింది బాపూ."

ఆయన లేవలేదు. తక్కెడకు దండం పెట్టి, "ఇంట్లకు పోయి దేవునికి చెప్పు" అన్నాడు.

నా లెక్క నచ్చి ఇచ్చారో, మార్కులు చూసి ఇచ్చారో, ఆ తెలుగు డాక్టరు ఒక మాట వేశాడో నాకెప్పుడూ తెలియలేదు. మా చెల్లెలి మనవరాలికి ఇల్లే సగం చదువు చెప్పింది. ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ మానుకోవలసిన పని లేదు, వాళ్ళు మాట్లాడుకునే మాటలే ఆ పిల్లకు మెట్లయ్యాయి. మంచిదే. మాకు ఇల్లు ఇచ్చింది వేరు. నన్ను కిందపడేసిందీ మా ఇంటి అలవాటే, పడ్డాక ఆగిపోకుండా చేసిందీ మా ఇంటి అలవాటే. ఆ రెండింటినీ విడదీసి ఒకటే ఉంచుకోమంటే నాకు చేతకాదు.

బయలుదేరే రోజు పొద్దున్నే బాపు పరుపుచుట్ట భుజాన వేసుకుని స్టేషనుకు వచ్చాడు. నన్ను రైలుపెట్టె ఎక్కించాక కిటికీ దగ్గర నిలబడ్డాడు. అడగకుండా ఉండలేకపోయాను.

"సీటొచ్చింది గదా బాపూ. ఇగ దుకాణంల లాభం అనరాదూ?"

ఆయన కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. "ఆ మాట నీకు మేమే నేర్పినం. ఇంట్ల మేమనుకుంట ఉండి, నువ్వొక్కనివే మర్చిపోవాల్నంటే ఎట్ల మర్చిపోతవురా? సెలవులకొస్తవు, వింటవు, మల్ల నోట్లకొస్తది. రేపు నువ్వు ఎవల చెయ్యి పట్టుకున్నా ఆ మనిషికి నీ మీద అనుమానం రావొద్దు."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వద్దు బాపూ అనబోయాను. రైలు కదిలింది. ఆయన చెయ్యి ఊపలేదు, రుమాలు దులిపి తలకు చుట్టుకుని బజారు వైపు తిరిగాడు. దుకాణం తెరిచే వేళయింది. జుట్టు నెరిసిన ఆ వయసులో ఆయన ఒకటి నుంచి లెక్క నేర్చుకోవాలి.